ఆ ఉత్తరం నాకు రాసింది కాదు

డిసెంబరు 31 రాత్రి తెలుగు క్రైస్తవ సంఘాల్లో వాగ్దానం తీసుకోవడం ఆనవాయితీ. పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం అయిపోయి, పన్నెండు దాటాక ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు. తర్వాత పళ్ళెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుంటారు. కార్డు మీద ఒక వచనం ఉంటుంది. ఆ ఏడాదంతా అది మనదే. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు బీరువా తలుపుకు అంటిస్తారు, కొందరు ఆటో అద్దం మీద రాయించుకుంటారు. చాలామంది తమకు రావాలని కోరుకునేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. తన ప్రజల విషయంలో దేవుడి ఉద్దేశాలు మేలుకే గాని కీడుకు కావని, వాళ్ళకు ముందు మంచికాలం ఉందని ధైర్యం చెప్పే వచనం అది.

2015 చివరి రాత్రి ఆ కార్డు నా చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని నేను చేసిన పనుల వల్ల నా భార్య బంగారం పోయింది. మా అమ్మాయి చదువు ఏడాది ఆగింది. నన్ను నమ్మిన ఇంకో కుటుంబం అప్పుల్లో పడింది. తప్పు వచనంలో లేదు, కార్డు పంచిన సంఘంలోనూ లేదు. చదివిన నాలో ఉంది. ఇలాంటి తప్పు దేవుణ్ణి పట్టించుకోనివాళ్ళు చెయ్యరు. రోజూ ప్రార్థన చేసే ఇళ్ళల్లోనే, బైబిలు చేతపట్టుకున్నవాళ్ళే చేస్తారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పాతబస్తీలో ఉప్పుగూడ. మా నాన్న మిర్యాలగూడ దగ్గరి ఊరి నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, రైల్వే స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. నేను పుట్టి పెరిగింది అక్కడే. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు హైస్కూల్లో ఉన్నాను. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాల కోసం, బియ్యం కోసం ఉరకడం ఇప్పటికీ గుర్తుంది. ఆ భయం తగ్గాక కూడా ఒక నామోషీ మిగిలిపోయింది. పాతబస్తీలో ఇల్లంటే పెళ్ళి సంబంధాలవాళ్ళు వెనకాడేవాళ్ళు. చుట్టాలు ఒక్కొక్కరే ఉప్పల్‌కు, ఎల్.బి.నగర్‌కు, వనస్థలిపురానికి మారిపోయారు. పండక్కి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా 'ఇంకా అక్కడే ఉన్నారా' అని అడిగేవాళ్ళు. ఆ మాట నాలో ములుకులా ఉండిపోయింది. ఇల్లు మారాలన్న కోరిక నాకు ఏళ్ళ తరబడి ఉంది. కోరుకోవడం పాపం కాదు. దాన్ని కోరికగానే ఉంచుకుని, జీతమెంత, అప్పెంత, పిల్ల చదువు సంగతేంటని కూర్చుని లెక్క వేసుకోవాల్సింది. పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాయడమే నా ఉద్యోగం. నాకు లెక్కలు రాకపోవడం కాదు, లెక్క చూసుకోవడానికి ఇష్టం లేకపోయింది.

కార్డు చేతికి రాగానే నా కోరికకు దేవుడి సంతకం దొరికిందనుకున్నాను. మేలు, మంచికాలం అన్న మాటలు కనబడగానే నా కళ్ళముందు ఊరి బయట సొంత ప్లాటు, దాని మీద డాబా ఇల్లు మెదిలాయి. ఆ వచనం అలాంటి ఇంటి గురించి ఒక్క మాట చెప్పదు. ఆ ఇంటిని అందులో పెట్టింది నేనే. కొన్ని వారాలకు తెలిసిన మనిషి ఒకాయన శివార్లలో ఒక వెంచర్ చూపించాడు. ధర తక్కువ. లేఅవుట్‌కు అనుమతి లేదు గాని, ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం పెట్టింది, ఎల్ఆర్ఎస్ కట్టుకుంటే సరిపోతుందన్నాడు. ఆయన నన్ను నిలబెట్టిన ప్లాటు నంబరు 29. నా కార్డు మీదున్న అధ్యాయం 29. నా ఒళ్ళు జలదరించింది. అక్కడే మోకరించి స్తోత్రం చెల్లించాను. ఆ వెంచర్‌లో ఇంకా చాలా ప్లాట్లున్నాయి. వేరే నంబరు చూపించి ఉంటే దానికీ బైబిల్లో ఏదో ఒక చోటు వెతికి ఉండేవాణ్ణి. అది ఇప్పుడు తెలుస్తోంది.

ఇంటికొచ్చి ఉపవాసముండి ప్రార్థన చేశాను. ఇది నీ చిత్తం కాకపోతే తలుపు మూసెయ్యి ప్రభువా అని అడిగాను. అడిగినంతవరకు మంచిదే. తర్వాత బ్యాంకుకు వెళ్తే అనుమతి లేని లేఅవుట్‌కు అప్పివ్వమన్నారు. అడిగిన తలుపు మూసుకుంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? ఇది సాతాను అడ్డంకి, విశ్వాసంతో దాటాలి అన్నాను. చిట్టీ ఎత్తాను, నా భార్య గొలుసు, గాజులు అమ్మాను, మా అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు కలిపాను. తలుపు తెరుచుకుంటే దేవుడు తెరిచాడంటాను, మూసుకుంటే సాతాను మూశాడంటాను. ఏం జరిగినా నా మాటే నెగ్గే ప్రార్థన చేసి, దాన్ని లోబడటం అని పిలిచాను. జరిగినవాటిలో నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎందుకంటే ప్రార్థన చేస్తున్నంతసేపూ నాది కపటమని నాకు తెలియలేదు. కళ్ళవెంట నీళ్ళు కారాయి, అవి నిజమైన కన్నీళ్ళే.

నా భార్యది నల్గొండ జిల్లాలో వ్యవసాయం చేసే కుటుంబం. ప్లాటు చూడటానికి తీసుకెళ్తే ఒక మూల వంగి గడ్డి పట్టి చూసింది. "ఇది తుంగ. ఈడ నీళ్ళు నిలుస్తయి. ఒకసారి వకీలుకు కాగితాలు చూపిద్దాం" అంది. నేను ఆమె వైపు తిరగకుండానే, "దేవుడు చెప్పాడు" అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. అది నాకు ఆమె ఒప్పుకున్నట్టే అనిపించింది. భక్తిగల ఇల్లాలికి ఆ మాటకు ఎదురేముంటుంది? మొగుడితో వాదించొచ్చు, దేవుడితో ఎలా వాదిస్తుంది? ఆ మాట అన్నప్పుడు నేను ఆమెకు నమ్మకాన్ని పంచలేదు, ఆమె నోరు మూయించాను.

దుకాణం పక్కన అత్తర్లు అమ్మే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. నన్ను మున్షీ సాబ్ అంటారు. ప్లాటు సంగతి చెబితే ఆయన సంతోషించి, "కిసీసే మష్వరా కరే క్యా?" అని అడిగారు. ఎవరినైనా సలహా అడిగావా అని. వాళ్ళలోనూ ముఖ్యమైన పనికి ముందు ఇస్తిఖారా నమాజు చేసి దేవుణ్ణి దారి చూపమని అడుగుతారట. దాంతోపాటు తెలిసినవాళ్ళను విచారించడం కూడా తప్పదంటారట. ఆయన మాట మంచిదే గాని నేను చెవిన పెట్టలేదు. మన గ్రంథం సంగతి ఆయనకేం తెలుసు అనుకున్నాను. సామెతల గ్రంథం నిండా ఆలోచన చెప్పేవాళ్ళ మాట వినమని ఉంది. ఆదివారం బడి పిల్లలకు దాన్ని కంఠతా పట్టించినవాణ్ణి నేనే.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు ఆ వేసవిలో చేశాను. నేను సంఘ పెద్దను. ఒక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. కార్డు, నంబరు 29, అడ్డంకి, విడుదల, అన్నీ వరసగా చెప్పాను. వకీలుకు చూపించలేదన్నది చెప్పలేదు. తుంగ సంగతి చెప్పలేదు. సాక్ష్యంలో చోటు లేనివాటిని అలా వదిలెయ్యడం మనకు అలవాటు. ఆ మాటలు విని, మా సంఘంలో ఆటో నడుపుకునే ఒకతను అదే వెంచర్‌లో పక్క ప్లాటు కొన్నాడు. అప్పు చేసి కొన్నాడు. పెద్దన్నకు దేవుడు చూపించిన చోటు గదా అన్నాడట వాళ్ళింట్లో.

వానలు పడ్డాయి. ప్లాట్లలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. తర్వాత విచారిస్తే ఆ సర్వే నంబరులో సగం చెరువు శిఖం భూమి అని తేలింది. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి ఎవరూ అనుమతివ్వరు, ఎల్ఆర్ఎస్ కూడా రాదు. నోటరీ కాగితాలు తప్ప మా చేతిలో ఏమీ మిగల్లేదు. అమ్మినవాళ్ళ ఫోన్లు పలకలేదు. మా అమ్మాయి ఆ ఏడు కాలేజీలో చేరలేదు. అప్పుడైనా నేను తప్పు ఒప్పుకున్నానా అంటే, లేదు. యోబుకు వచ్చినట్టు నాకూ పరీక్ష వచ్చిందన్నాను. యోబు చెరువులో ప్లాటు కొనలేదు. తన తప్పేమీ లేకుండా నష్టపోయిన మనిషి కథను, నా తొందరపాటుకు కప్పుకునే దుప్పటిగా వాడుకున్నాను. ఒకసారి వచనాన్ని మన వైపు వంచుకోవడం అలవాటైతే, ఏ అధ్యాయం తెరిచినా అది మనల్నే సమర్థిస్తుంది.

ఆ తర్వాతి ఏడాది మా అమ్మాయి అనస్థీషియా టెక్నీషియన్ కోర్సులో చేరింది. ఒకరోజు క్లాసులో చెప్పిన పాఠం ఇంట్లో చెప్పింది. నయాపూల్ దాటితే వచ్చే అఫ్జల్‌గంజ్‌లో ఒకప్పుడు నిజాం ఆస్పత్రి ఉండేది. ఆ రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ డాక్టరు హైదరాబాద్ వైద్య పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. క్లోరోఫాం మత్తులో చచ్చిపోయేవాళ్ళు గుండె ఆగి పోరు, ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరి చూసుకుంటే చాలు అన్నది ఆయన గట్టి నమ్మకం. గురువుల దగ్గర నేర్చుకున్నదీ అదే, వేల ఆపరేషన్లలో తాను చూశాననుకున్నదీ అదే. దాన్ని నిరూపించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును పంపింది. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ అన్నదే నిజమని తేల్చారు. 1911లో ఆల్ఫ్రెడ్ గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది. తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదు.

లారీ అబద్ధమాడే మనిషి కాదు. శ్రద్ధగలవాడు, కష్టపడ్డాడు, లోకం ముందు పరీక్షకు నిలబడ్డాడు. అయినా తన నమ్మకం తప్పని చూపగలిగే చోట గట్టిగా వెతకలేదు. ఆ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నా మనసులో ఒక ఊరట ఉండేది: నేను నిజాయితీగా నమ్మాను గదా, దేవుడు నా హృదయం చూస్తాడు గదా అని. నిజాయితీగా నమ్మడం మనల్ని తప్పు నుంచి కాపాడదని ఆ రాత్రి అర్థమైంది. మోసం చేసేవాడు కపటుడైతే కనిపెట్టొచ్చు. మోసం చేసేదీ, మోసపోయేదీ ఒకే మనిషైతే, పైగా ఆ మనిషి మోకాళ్ళ మీద ఉంటే, కనిపెట్టడం చాలా కష్టం.

యిర్మీయా 29వ అధ్యాయాన్ని నాకు మొదటిసారి చదివి వినిపించింది నా భార్య. అంతకుముందు అదే అధ్యాయాన్ని చాలాసార్లు చదివినా, 11వ వచనం చేరడానికే చదివాను. స్త్రీల సమాజంలో ఆ నెల యిర్మీయా చదువుతున్నారు. ఆమె ఇంట్లో గట్టిగా చదువుకుంటూ ఆగి, "ఇది ఉత్తరం గదా, ఎవరికి రాసిండు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ కార్డును కొన్నేళ్ళు బైబిల్లో పెట్టుకు తిరిగినవాణ్ణి, అదొక ఉత్తరమని కూడా పట్టించుకోలేదు.

అది యిర్మీయా యెరూషలేము నుంచి బబులోనుకు పంపిన ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు రాజు యెకోన్యాను, పెద్దలను, వడ్రంగులను, కంసాలులను చెరపట్టుకుపోయాడు. వాళ్ళకు రాసినది. షాఫాను కొడుకు ఎల్యాశా, హిల్కీయా కొడుకు గెమర్యా రాజు పని మీద బబులోనుకు వెళ్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపాడు. అందులో ముందున్న మాటలేమిటంటే: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. మీరు త్వరగా రారు, డెబ్బై ఏళ్ళు పడుతుంది. ఇదంతా అయ్యాక వస్తుంది 11వ వచనం. ఆ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ళ మనిషికి తాను మళ్ళీ యెరూషలేము చూడననే అర్థం. పర్షియా రాజు కోరెషు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో, యూదులను తిరిగి వెళ్ళనిచ్చింది ఆ మరుసటేడు. మంచికాలం మనవళ్ళది. ఉత్తరం అందుకున్నవాళ్ళకు మిగిలింది అక్కడే ఓపికగా బతకడం. వాళ్ళలో కొందరికి ఈ ఉత్తరం ఎంత కష్టంగా తోచిందంటే, యిర్మీయాను బంధించమని షెమయా అనేవాడు బబులోను నుంచి తిరుగు ఉత్తరం రాశాడు. అదీ ఆ అధ్యాయంలోనే ఉంది.

నన్ను నిలువునా ఆపింది ఇంకొకటి. నా వచనానికి మూడు వచనాల ముందు, ప్రవక్తల మాటలు విని, కలలు కనేవాళ్ళను నమ్మి మోసపోవద్దన్న హెచ్చరిక ఉంది. అలాంటి ప్రవక్త ఒకడి కథ 28వ అధ్యాయంలో ఉంది. గిబియోనువాడు హనన్యా దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్ళలో చెర ముగుస్తుందన్నాడు. దేవుడి పేరుతోనే అన్నాడు. యిర్మీయా మెడ మీదున్న కొయ్య కాడిని తీసి విరిచేశాడు. జనం కోరుకున్న మాట అది. యిర్మీయా దానికి మొదట ఏమన్నాడో చూడండి. ఆమేన్ అన్నాడు, దేవుడు అలాగే చేస్తే బాగుండు అన్నాడు. ఆయనకూ అదే కోరిక. తన ఊరు, తన జనం, తన దేవాలయం. కానీ తన కోరికను దేవుడి మాట అని అనలేదు. కాడి విరిచినప్పుడు ఎదురు వాదించకుండా వెళ్ళిపోయాడు, మాట వచ్చేదాకా ఆగాడు, వచ్చాక తనకు ఇష్టం లేని మాటే తిరిగి వచ్చి చెప్పాడు. కోరిక ఉండటంలో తప్పు లేదు, దాన్ని కోరికేనని గుర్తుపట్టడమే ప్రవక్త చేసిన పని. నేను అటు హనన్యా మాట మాట్లాడుతూ ఇటు యిర్మీయా వచనం చేతిలో పట్టుకున్నాను.

ఇక్కడితో నాకు బుద్ధొచ్చిందని రాస్తే బాగుండేది. రాలేదు. ఉత్తరం మొత్తం చదివాక నాలో కొత్త ఉత్సాహం పుట్టింది. ఇన్నాళ్ళూ దేవుడు పాతబస్తీలోనే ఉండమన్నాడు, నేనే వినలేదు అనుకున్నాను. ఇళ్ళు కట్టుకుని ఉండమని, పట్టణం క్షేమం వెతకమని స్పష్టంగా ఉంది గదా. ఆ సమయంలోనే మా అమ్మాయికి విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. మా ఆవిడ చెల్లెలు అక్కడే ఉంటుంది, పిల్లకు తోడుంటుంది. నేను వద్దన్నాను. మనల్ని ఇక్కడ ఉండమని దేవుడు ఈ అధ్యాయంలో చెప్పాడు అన్నాను.

అప్పుడు నా భార్య అన్న మాట నేను చనిపోయేదాకా మరువను. "మొన్న పొమ్మన్నడు, ఇయ్యాల ఉండుమంటున్నడు. రెండుసార్లూ మీకేది గావాల్నో గదే చెప్పిండు దేవుడు" అంది. కోపంగా అనలేదు. ఏడుస్తూ అంది.

ఆమె అన్నది నిజం. నేను సందర్భం చదివానే గాని, నా పద్ధతి మారలేదు. ఒక వచనం బదులు ఏడు వచనాలను నా ఇష్టానికి వంచాను. ఆ ఉత్తరం మా ప్లాటుకు రాసింది కాదు, మా అమ్మాయి ఉద్యోగానికి రాసిందీ కాదు. పిల్ల దూరమైతే ఇల్లు ఖాళీ అవుతుందన్నది నా భయం. దానికి మళ్ళీ దేవుడి పేరు పెట్టాను. ముందూ వెనకా చదవడం మంచిదే. కానీ ఎంత చదువు చదివినా, చదివేవాడికి ఒక జవాబు ముందే కావాలనుంటే, ఆ చదువంతా ఆ జవాబుకు కూలి పని చేస్తుంది. సందర్భం తెలిసినవాడు తెలియనివాడికన్నా నమ్మకంగా తప్పు చెప్పగలడు. మా అమ్మాయి విశాఖకు వెళ్ళింది, బాగుంది.

మరి నాకు రాయని ఉత్తరాన్ని నేనెందుకు చదవాలి? దానికి జవాబు దానియేలు గ్రంథం 9వ అధ్యాయంలో దొరికింది. దానియేలు ఆ చెరలోనే ముసలివాడయ్యాడు. యిర్మీయా రాసిన డెబ్బై ఏళ్ళ లెక్కను గ్రంథాల్లో చదివి గ్రహించానంటాడు. నిజంగా ఆ మాటలు చెందిన మనిషి ఆయన. చదివి ఏం చేశాడు? మేం గెలిచాం అనలేదు, ప్రయాణానికి మూటలు కట్టలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, మేం పాపం చేశాం అని ప్రార్థించాడు. తన తప్పును, తన జనం తప్పును ఒప్పుకున్నాడు. లేఖనం ఆయనకు తాను ఎలాంటివాడో చూపించింది. నా చదువులన్నిటిలో నేనెప్పుడూ తప్పు మనిషిగా తేలలేదు. ఆ ఒక్క గుర్తు చాలు, నేను బైబిలును చదవడంలేదని తెలియడానికి.

కార్డులు తీసే అలవాటును తిట్టడం నా ఉద్దేశం కాదు. 1728 నుంచి జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సోదరులు రోజుకొక వచనాన్ని చీటీ వేసి తీస్తూ వచ్చారు, 1731 నుంచి పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. ఎంతోమందికి ఆ వచనాలు కష్టకాలంలో తోడయ్యాయి. అయితే ఎటు వెళ్ళాలి, ఏం కొనాలి అన్న ప్రశ్నలకు పుటలు తెరిచి చీటీ తీసినట్టు జవాబు వెతకడాన్ని సంఘం చాలాకాలం కిందే తప్పుపట్టింది. బైబిలు తెరిచి దొరికిన మాటతో తన జీవితం మార్చుకున్న సంఘ పితరుడు అగస్టీనే, ఒక ఉత్తరంలో, లోక వ్యవహారాలకు సువార్త పుటలను అలా వాడటం తనకు నచ్చదని రాశాడు. క్రీ.శ. 506లో గాల్ దేశంలో అగ్డే సభ అలాంటి శకునాలను నిషేధించింది. మన నగరంలో హెబ్రోను సంఘం స్థాపించిన భక్తసింగ్ గారు బైబిలును మొదటినుంచి చివరిదాకా మోకాళ్ళ మీద మళ్ళీ మళ్ళీ చదివేవారని పెద్దలు చెబుతారు. ప్రతి పనికీ దేవుడి చిత్తం వెతకడం మనం ఆయన తరం దగ్గర నేర్చుకున్నాం. గ్రంథమంతా చదివే ఓపికను మాత్రం వదిలేశాం.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను. ఒక వచనం మీద మనసు పడితే ఆ పుస్తకం మొదటికి వెళ్తాను. ఎవరు, ఎవరికి, ఏ కష్టంలో రాశారో తెలుసుకుంటాను. తర్వాత నన్ను నేను అడిగే ప్రశ్న ఇది: ఈ వచనం నేను ఆశపడుతున్నదానికి ఎదురు చెబితే కూడా దీన్ని ఇంత గట్టిగా పట్టుకునేవాణ్ణా? కాదని తోస్తే, అది నాకు వాక్యం కాదు, సాకు అని తెలుసుకుంటాను. నేను చెప్పే అర్థానికి డబ్బు ఎవరు కడతారు, బరువు ఎవరు మోస్తారు అని చూస్తాను. నాకు అర్థమైన దేవుడి చిత్తానికి వెల ఎప్పుడూ నా భార్యే, నా కూతురే చెల్లిస్తుంటే, దాన్ని అనుమానించాలి. డబ్బు, భూమి, పెళ్ళి, వైద్యం, వీటికి వకీలునో డాక్టరునో తెలిసినవాళ్ళనో ముందు అడుగుతాను. వాళ్ళను అడిగితే విశ్వాసం తగ్గదు. ఇంట్లో, సంఘంలో, దేవుడు చెప్పాడు అనడం మానేశాను. నాకిలా అనిపిస్తోంది, మీరేమంటారు అంటున్నాను. అలా అన్నప్పటినుంచి నా భార్య మళ్ళీ మాట్లాడుతోంది.

సంఘంలోనూ లేచి చెప్పాను. ఏ చోట నిలబడి సాక్ష్యం చెప్పానో అక్కడే నిలబడి, ఆ సాక్ష్యంలో దాచినవన్నీ చెప్పాను. ఆటో నడిపే తమ్ముడి ఇంటికి వెళ్ళి, అతని అప్పులో ఒక వంతు నాదని ఒప్పుకుని, నెలనెలా కడుతున్నాను. ఇంకా తీరలేదు. అతను నన్ను క్షమించాడు గాని, అతని భార్య ఇంకా నాతో మాట్లాడదు. ఆమెకు ఆ హక్కుంది. క్షమించమని ఆమెకు వచనం చూపించే పని నేను చెయ్యను.

2020 అక్టోబరు వానలకు ఉప్పుగూడ, ఛత్రినాక వైపు వీధులు మునిగాయి. మా ఇంట్లోకి బురద నీళ్ళొచ్చాయి. సంఘం పిల్లలు, పక్క వీధి మసీదు పిల్లలు కలిసి అన్నం పొట్లాలు కట్టి ఇళ్ళకు మోశారు. నేనూ మోశాను. పట్టణం క్షేమం వెతకమన్న మాట ఆ రోజు గుర్తొచ్చింది. అది నాకు వచ్చిన రహస్య సందేశం అనుకోలేదు. ఆకలిగా ఉన్నవాళ్ళకు అన్నం పెట్టడానికి సందేశం అక్కర్లేదు. చెరలో ఉన్నవాళ్ళను కూడా పక్కవాళ్ళ మేలు చూడమన్న దేవుడు ఎలాంటివాడో ఆ ఉత్తరం చూపిస్తుంది. అలాంటి దేవుణ్ణి నమ్మేవాడు ఎలా బతకాలో అందులోంచి నేర్చుకోవచ్చు. ఏ ప్లాటు కొనాలో మాత్రం నేర్చుకోలేం.

నిర్గమకాండంలోని పది ఆజ్ఞల్లో దేవుడి పేరును వ్యర్థంగా ఎత్తకూడదని ఒకటి ఉంది. చిన్నప్పటినుంచి దాన్ని ఒట్టు పెట్టుకోవద్దు, తిట్టొద్దు అన్నంతవరకే అనుకున్నాను. నేను జీవితంలో ఎవరినీ దేవుడి పేరుతో తిట్టలేదు. కానీ నా ఆశ మీద ఆయన పేరు అతికించి, నన్ను ప్రేమించినవాళ్ళ నోళ్ళు మూయించాను. ఆ ఆజ్ఞను నేను మీరినంతగా మీరినవాళ్ళు మా వీధిలో ఉండరు.

మీ ఇంట్లోనో మీ సంఘంలోనో ఎవరైనా దేవుడు చెప్పాడంటే, మర్యాదగానే అడగండి. ఏ అధ్యాయం, ఎవరికి రాసింది, దీనివల్ల ఎవరికి నష్టం, ఎవరిని విచారించారు అని అడగండి. చెప్పినవారు పాస్టరైనా, పెద్దైనా, మీ భర్తైనా అడగండి. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయవాళ్ళు పౌలు చెప్పింది నిజమా కాదా అని రోజూ లేఖనాలు చూశారు. ఆ పని చేసినందుకు ఆ గ్రంథం రాసిన లూకా వాళ్ళను ఘనులన్నాడు. ఇక మీరే ఆ మాట అంటున్నవారైతే, అడిగేవాళ్ళను అవిశ్వాసులనకండి. నన్ను కాపాడగలిగిన ప్రశ్న తుంగ మొలిచిన ఆ ప్లాటులోనే నా భార్య నోట వచ్చింది. నేను విని ఉంటే రెండు కుటుంబాలు బతికిపోయేవి.